మూడు వేల పేర్లలో నా పేరెక్కడ అక్కా?

ప్రశ్న: అక్కా, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, నాన్నకు చిన్న కిరాణా కొట్టు. డిగ్రీలో ఉన్నప్పుడు మా మేడమ్ ఒకరోజు సిలబస్ పక్కన పెట్టి హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మ కణం గురించి గంట సేపు చెప్పారు. అప్పటి నుంచి పార్టికల్ ఫిజిక్స్‌లో, అదీ ప్రయోగాల వైపు, పీహెచ్‌డీ చేయాలని ఉంది. కానీ కణాలను ఢీకొట్టించే మెషీన్లన్నీ జెనీవాలో, అమెరికాలో, జపాన్‌లో ఉంటే ఇక్కడ కూర్చుని మనం చేసేదేముంటుంది? ఒక పేపర్ డౌన్‌లోడ్ చేసి చూస్తే రచయితల పేర్లే పేజీలకు పేజీలు ఉన్నాయి, దాదాపు మూడు వేల మంది. అందులో నేను చేసిందేమిటో ఎవరికి తెలుస్తుంది? నాకు కోడింగ్ కూడా పెద్దగా రాదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావ, "ఆరేడేళ్లు చదివి చివరికి ఉద్యోగానికి మా దగ్గరికే వస్తారు, అదేదో ఇప్పుడే రావచ్చుగా" అంటున్నాడు. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఏం చేయమంటారు?

సమాధానం: అక్కా అన్నావు కాబట్టి మీరూ గీరూ లేకుండా రాసేస్తున్నాను.

ముందు మీ బావ సంగతి. అతను చెప్పింది అబద్ధమేం కాదు, అందుకు నేనే సాక్ష్యం. ఇక్కడే పీహెచ్‌డీ చేసి, బయట రెండేళ్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేసి, ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీలో డేటా పని చేస్తున్నాను. ఎమ్మెస్సీ అవగానే వచ్చేసుంటే ఈపాటికి ఫ్లాట్ ఈఎంఐలు సగం తీరిపోయేవి. అయినా ఆ ఏళ్లు తుడిచేసి ఆ డబ్బు చేతిలో పెడతామంటే వద్దంటాను. కారణం హిగ్స్ బోసాన్ మాత్రం కాదు, నిజం చెప్తున్నాను, హిగ్స్ గురించి నేను ఏడాదికి నాలుగైదు సార్లు కూడా ఆలోచించేదాన్ని కాదేమో.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని మనవాళ్లు వెక్కిరింపుగా అంటారు కదా, మా దగ్గర అదే డ్యూటీ. పైగా చాలాసార్లు ఎలుక కూడా దొరకదు. "ఎలుక ఉంటే గింటే ఇంతకన్నా పెద్దదై ఉండదు" అని లెక్క కట్టి థీసిస్ రాసి పట్టా తీసుకుంటాం. నా థీసిస్ అచ్చంగా అలాంటిదే, లేని కణం గురించి నూట ఎనభై పేజీలు. కాబట్టి నువ్వు నిన్ను అడుక్కోవలసిన ప్రశ్న విశ్వ రహస్యాలు ఇష్టమా అని కాదు, అవి ఎవరికిష్టం ఉండవు. తవ్వే పని ఇష్టమా అని.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. నేను చేరిన మొదటి ఏడు నాకు ఇచ్చింది ఒక గాజు డిటెక్టర్, ఆర్‌పీసీ అంటారు. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు గాజు పలకలు, మధ్యలో రెండు మిల్లీమీటర్ల ఖాళీ, ఆ ఖాళీ అంతటా ఒకేలా ఉండటానికి చొక్కా గుండీల్లాంటి చిన్న బిళ్లలు అంటించి ఉంటాయి. పలకల బయటివైపు గ్రాఫైట్ రంగు పూసి, దానికి దాదాపు పదివేల వోల్టుల కరెంటు ఇస్తాం. లోపల తిరిగే గ్యాస్‌లో ఎక్కువ భాగం ఏమిటో తెలుసా, ఫ్రిజ్‌ల్లో, కార్ ఏసీల్లో వాడే ఆర్134ఎ. పైనుంచి ఒక మ్యూయాన్, అంటే ఎలక్ట్రాన్‌కు బరువైన అన్నలాంటి కణం, దూసుకుపోతే ఆ గ్యాస్‌లో చిన్న మెరుపు లాంటిది పుడుతుంది, పలకల మీద పరిచిన రాగి పట్టీల్లో దాని సిగ్నల్ అందుకుంటాం. అరచేయి చాచి పెట్టుకుని చూడు, ఈ వాక్యం చదివేలోపు అందులోంచి కొన్ని మ్యూయాన్లు వెళ్లిపోయి ఉంటాయి. చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి చొప్పున లెక్క.

వినడానికి బావుంది కదా. ఇప్పుడు అసలు పని విను. ఆ పలకల అంచులు జిగురుతో అతికించాక గ్యాస్ లీకవుతోందో లేదో చూడాలి. లీకవుతుంది. ఎక్కడో వెతకాలి, మళ్లీ జిగురు పెట్టాలి, ఒక రోజంతా ఆరనివ్వాలి, మళ్లీ చూడాలి. ఇలా మూడు వారాలయ్యాక అంతా బాగుంది అనుకున్న రోజు వానలు పడ్డాయి, గదిలో తేమ పెరిగింది, లీకేజీ కరెంటు ఉన్నట్టుండి పైకి పోయింది. డిటెక్టర్ పాడయిందని ఏడ్చినంత పని చేశాను. మా ల్యాబ్‌లో పాతికేళ్లుగా ఉన్న టెక్నీషియన్ ఒకాయన వచ్చి, కిటికీ వైపు ఒకసారి చూసి, డీహ్యూమిడిఫయర్‌లో నిండిపోయిన నీళ్ల ట్రే తీసి పారబోసి వెళ్లిపోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రానికి కరెంటు దిగింది. ఆ రోజు నుంచి నోట్‌బుక్‌లో వోల్టేజీ పక్కన తేమ, ఉష్ణోగ్రత కూడా రాయడం మొదలుపెట్టాను. ఇది చదువుతుంటే నీకు విసుగొచ్చిందా, లేక "అరే, ఆ కరెంటుకీ తేమకీ గ్రాఫ్ గీస్తే ఎలా ఉంటుందో" అనిపించిందా? రెండోదైతే ముందుకు చదువు. మొదటిదైతే కూడా చదువు, కాకపోతే థియరీ గురించో, స్కూల్ టీచింగ్ గురించో కూడా ఆలోచించు, అందులో చిన్నతనమేం లేదు.

ఇక మూడు వేల పేర్లు. మూడు వేలేం ఖర్మ, 2015లో జెనీవాలోని అట్లాస్, సీఎంఎస్ అనే రెండు ప్రయోగ బృందాలూ కలిసి హిగ్స్ బరువు మీద వేసిన పేపర్‌లో 5,154 పేర్లున్నాయి, మొత్తం 33 పేజీల్లో సైన్సు తొమ్మిది పేజీలే. సీఎంఎస్ పేపర్లలో పేర్లు దేశాల అక్షరక్రమంలో వస్తాయి, అందుకని ఆర్మీనియా వాళ్లు ఎప్పుడూ ముందుంటారు. మొదటి పేరు చూసి "ఈయనెవరో మహానుభావుడు" అనుకున్నావేమో, అలాంటిదేం లేదు. ఆ లిస్టులో నీ పేరు ఎక్కాలంటే అందరికీ పనికొచ్చే పని, సర్వీస్ వర్క్ అంటారు, కొన్ని నెలలు చేయాలి. షిఫ్టులు వేయడం, డిటెక్టర్ కాలిబ్రేషన్ చూడటం, సాఫ్ట్‌వేర్ సరిచేయడం లాంటివి. ఆ తర్వాత నువ్వు చదవని పేపర్ మీద కూడా నీ పేరు ఉంటుంది. మా అమ్మ అందులో ఒకటి ప్రింటు తీయించి చుట్టాలకు చూపించేది, నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

మరి నువ్వు చేసింది ఎవరికి తెలుస్తుందంటే, తెలియాల్సినవాళ్లకు తెలుస్తుంది. మూడు వేల మంది కలిసి ఒక పని చేయరు, ఒక్కో విశ్లేషణ మీద కూర్చునేది ఐదుగురో పదిహేనుమందో. దాన్ని మొదట గ్రూప్ మీటింగుల్లో చీల్చి చెండాడతారు, తర్వాత ఆ పనితో సంబంధం లేని కొంతమంది కమిటీగా కూర్చుని ఒక్కో గ్రాఫు కింద ప్రశ్నలు రాస్తారు, చివర బృందం అంతటికీ పంపిస్తారు. ఇదంతా అయ్యాకే పత్రికకు వెళుతుంది. జెనీవాలో సాయంత్రం ఐదింటి మీటింగంటే మనకు ఎండాకాలంలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. హాస్టల్ మెస్ మూసేస్తారని డబ్బాలో చపాతీలు పెట్టించుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో, అవతల ఒక ఇటాలియన్ "మూడో స్లైడులో ఆ ఎర్రర్ బార్ అంత చిన్నగా ఎందుకుంది" అని అడిగితే గొంతులో చపాతీ అడ్డం పడ్డ రోజులున్నాయి. ఆ ప్రశ్నకు సమాధానం సరిగ్గా చెప్పిన అమ్మాయి ఎవరో వాళ్లకు గుర్తుంటుంది. రేపు పోస్ట్‌డాక్‌కు రికమెండేషన్ లెటర్లు రాసేది వాళ్లే, పేపర్ మీద నీ పేరు ఎన్నో వరసలో ఉందో ఎవరూ లెక్కపెట్టరు. సెమినార్ హాలు వెనక బెంచీలో కూర్చుని నోరు మెదపకుండా ఐదేళ్లు గడిపితే మాత్రం నువ్వన్నట్టే జరుగుతుంది. అలా మాయమైపోయినవాళ్లను చూశాను, మన దగ్గర నుంచి వెళ్లిన తెలివైన పిల్లలే, ఇంగ్లీషు సరిగ్గా రాదని భయపడి. ఆ ఇటాలియన్ ఇంగ్లీషు మనకన్నా ఘోరం, అది ముందే తెలిసుంటే నేనూ ఇంకా ముందే నోరు విప్పేదాన్ని.

నా ఎలుక కథ ఒకటి చెప్పి తీరాలి. మూడో ఏడు, రెండు మ్యూయాన్ల గ్రాఫులో ఉండకూడని చోట ఒక చిన్న బొడిపె కనిపించింది. ఆరు వారాలు దాని వెంటపడ్డాను. నిద్రలో కూడా అదే. చివరికి తేలిందేమిటంటే, ఒకే ఈవెంట్, అంటే ఒక ఢీకొట్టుడు రికార్డు, రెండు వేరు వేరు డేటా ఫైళ్లలో ఉంటుంది, రెండోదాన్ని తీసేయాలి, నేను తీయలేదు. మూడు ఈవెంట్లు ఆరయ్యాయి, అంతే సంగతి. మా గైడ్ తిడతారనుకుంటే, "ఎవరో చెప్పకుండా నువ్వే పట్టుకున్నావుగా" అన్నారు. పెద్దవాళ్లకే తప్పలేదు. 2011 సెప్టెంబరులో ఒపేరా అనే ప్రయోగం వాళ్లు న్యూట్రినోలు, అంటే దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే అతి తేలికైన కణాలు, కాంతికన్నా 60 నానోసెకన్లు ముందు వచ్చాయని ప్రకటించారు, ప్రపంచమంతా గగ్గోలు. చూడగా చూడగా ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదట. 2015 డిసెంబరులో అట్లాస్, సీఎంఎస్ రెండింటిలోనూ 750 జీఈవీ (కణాల శక్తి, బరువు కొలిచే యూనిట్) దగ్గర ఒక బొడిపె కనిపిస్తే థియరీ వాళ్లు వందల పేపర్లు రాసిపారేశారు, 2016 ఆగస్టుకల్లా ఇంకాస్త డేటా వచ్చేసరికి అది మంచులా కరిగిపోయింది. అందుకే కనిపెట్టాం అని చెప్పాలంటే ఐదు సిగ్మాలు కావాలంటారు, అంటే ఏ కొత్త కణమూ లేకుండా ఊరికే కాకతాళీయంగా అలాంటి బొడిపె వచ్చే అవకాశం 35 లక్షల్లో ఒకటికన్నా తక్కువ ఉండాలి. మన మీద మనకే అంత అనుమానం ఉండాలన్నమాట. ఈ గుణం అలవాటయ్యాక బయట కూడా పోదు. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా సేల్స్ గ్రాఫు పైకి పోయింది చూడండి అని సంబరపడితే నేను ముందు డూప్లికేట్లు ఉన్నాయేమో వెతుకుతాను. రెండుసార్లు దొరికాయి కూడా.

మెషీన్ జెనీవాలో ఉంటే మనమిక్కడ ఏం చేస్తామన్నావు. ఆ మాటకొస్తే న్యూట్రినోల విషయంలో మనం ఒకప్పుడు ముందువరసలో ఉన్నవాళ్లం. మన చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే కోలార్ బంగారు గనిలో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ముంబయిలోని టాటా పరిశోధనా సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్లు, జపాన్ నుంచి ఒసాకా వాళ్లు, ఇంగ్లండ్ నుంచి డరమ్ వాళ్లు కలిసి చేసిన పని. బంగారం గిట్టుబాటు కాక 2001లో గని మూసేశారు, ప్రయోగాలు అంతకుముందే ఆగిపోయాయి. తర్వాత తమిళనాడులో తేని దగ్గర కొండ కింద 50,000 టన్నుల ఇనుముతో న్యూట్రినో అబ్జర్వేటరీ కట్టాలని 2015లో కేంద్రం దాదాపు 1,500 కోట్లకు ఆమోదం తెలిపింది. ఊళ్లవాళ్ల భయాలు, కోర్టులు, అనుమతులు, అది అక్కడే ఆగింది. దాని కోసం చేరి, చిన్న నమూనాల మీద పని చేసి థీసిస్‌లు ముగించిన సీనియర్లు నాకు తెలుసు. ఊళ్లవాళ్లది తప్పని అనను, వాళ్లకు అర్థమయ్యే భాషలో మొదట్లోనే వెళ్లి చెప్పకపోవడం మనవాళ్ల తప్పు కూడా. నీకు దీన్లో పనికొచ్చేది ఒకటే, "రాబోయే ప్రయోగం" అని చెప్పి పిలిచే దగ్గర జాగ్రత్త.

అంటే కట్టి నడుస్తున్నది చూసుకో. 2017 నుంచి భారత్ ఆ జెనీవా ల్యాబ్ సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం, అంతకుముందే అక్కడి 27 కిలోమీటర్ల సొరంగంలో అయస్కాంతాలను మోసే జాకులు దాదాపు ఏడు వేలు మన దేశంలో చేసి పంపినవే. ఇక నీకు దగ్గర్లో చూస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు అమెరికాలోని ఫెర్మీల్యాబ్ న్యూట్రినో ప్రయోగాల్లో ఉన్నారు. షికాగో దగ్గర బయల్దేరిన న్యూట్రినోలను 810 కిలోమీటర్ల అవతల 14,000 టన్నుల డిటెక్టర్‌లో పట్టుకునే నోవా లాంటివి. ఐఐటీ హైదరాబాద్ వాళ్లు జపాన్‌లో బెల్-2 అనే ప్రయోగంలో ఉన్నారు. ఇవి నీకు బస్సు దూరం. ముంబయిలో టీఐఎఫ్ఆర్, కోల్‌కతాలో సాహా ఇన్‌స్టిట్యూట్, భువనేశ్వర్‌లో నైసర్, చండీగఢ్‌లో పంజాబ్ యూనివర్సిటీ సరేసరి. ఒక విషయం మాత్రం కచ్చితంగా అడుగు. జెనీవా మెషీన్‌కు 2026 మధ్య నుంచి పెద్ద రిపేరు సెలవు, మళ్లీ బలం పెంచుకుని 2030 ప్రాంతంలో లేస్తుంది. నువ్వు చేరే ఏళ్లు సరిగ్గా ఆ మధ్యలో పడతాయి. అది నష్టమే అనుకోనక్కర్లేదు, ఉన్న డేటా కొండంత ఉంది, కొత్త డిటెక్టర్ భాగాలు ఇప్పుడే తయారవుతున్నాయి, చేతిపని నేర్చుకోవాలంటే ఇదే సమయం. కాకపోతే నీ థీసిస్ ఏ డేటా మీద, ఏ పరికరం మీద అన్నది చేరకముందే గైడ్ నోటితో చెప్పించు.

గైడ్ అంటే గుర్తొచ్చింది, ప్రయోగం పేరుకన్నా ఇది ముఖ్యం. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఆయన గదికి వెళ్లే ముందు ఆయన స్టూడెంట్ల గదికి వెళ్లు. టీ తాగుదామని తీసుకెళ్లి అడుగు. ఆఖరుగా సబ్మిట్ చేసినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది? ఎవరైనా మధ్యలో మానేశారా, ఎందుకు? బయటి ల్యాబుకు ఎన్నాళ్లు పంపిస్తారు? రాత్రి పదింటికి ఫోన్ చేసి తిడతారా? ఈ ప్రశ్నలకు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, అక్కడ ఎంత పెద్ద పేరున్నా వద్దు.

డబ్బు గురించి నువ్వు అడగలేదు కానీ నాన్న అడుగుతారు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హాస్టల్ లేకపోతే ఇంటద్దె భత్యం అదనం. నీ ఎమ్మెస్సీ క్లాస్‌మేట్‌కు ప్రైవేట్ జూనియర్ కాలేజీలో ఇచ్చేదానితో పోల్చి చూడు, మీ బావ జీతంతో కాదు. అయితే అది ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుందనుకోకు. మాకొకసారి ఐదు నెలలు ఆగింది, మెస్ బిల్లు కట్టడానికి అమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ పక్కన ఉంచుకో. నెట్, గేట్, జెస్ట్ మూడు పరీక్షలూ రాయి, సిలబస్ దాదాపు ఒకటే, ఏది తగిలితే అది.

కోడింగ్ రాదన్నావు. ఎమ్మెస్సీలో మనకు చెప్పింది కోడింగ్ అని ఎవరన్నారు, రికార్డు కాపీ కొట్టి, ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు ప్రోగ్రాం బట్టీ పట్టి, వైవాలో నీళ్లు నమలడం కదా. నాకూ అంతే వచ్చేది. ఈ నెలలో ఒక పని చెయ్యి. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో సీఎంఎస్ వాళ్లు రెండు మ్యూయాన్ల ఈవెంట్ల ఫైళ్లు పెట్టారు, లక్ష ఈవెంట్లున్న చిన్నది ఒకటి తీసుకో. ఒక్కో వరుసలో రెండు మ్యూయాన్ల శక్తి, మూడు దిక్కుల్లో మొమెంటం (ద్రవ్యవేగం) ఉంటాయి. శక్తులు కలుపు, మొమెంటాలు దిక్కుల వారీగా కలుపు, మొదటిదాని వర్గంలోంచి రెండోదాని వర్గం తీసేసి వర్గమూలం కట్టు. ఆ రెండు మ్యూయాన్లూ ఒకే కణం విడిపోగా వచ్చినవైతే, వచ్చేది ఆ కణం బరువు. పైథాన్‌లో ఇరవై లైన్లు కూడా పట్టదు, ల్యాప్‌టాప్ లేకపోతే కాలేజీ కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి చేసుకోవచ్చు. వచ్చిన లక్ష అంకెలకు హిస్టోగ్రామ్ గియ్యి, అంటే ఏ విలువ దగ్గర ఎన్ని ఈవెంట్లు పడ్డాయో చూపే గ్రాఫు, రెండు అక్షాలూ లాగరిథమ్ స్కేలులో. ఎవరి సాయమూ అడక్కుండా రెండు వారాలు కొట్టుకో, తర్వాత అడుగు. ఎర్రర్లు వస్తాయి, ఖాళీ గ్రాఫ్ వస్తుంది, ఒకరోజు అన్నీ సున్నాలే వస్తాయి. ఆ రెండు వారాలు నీకెలా గడిచాయన్నదే నువ్వు నన్నడిగిన ప్రశ్నకు జవాబు, నాకన్నా అదే బాగా చెప్తుంది.

సంబంధాల గురించి నేనేం చెప్పను, మీ ఇల్లు మీకు తెలుసు. ఒకటి మాత్రం, "పీహెచ్‌డీ అయ్యేదాకా పెళ్లి వద్దు" అని మొండికేస్తే నాన్నకు అంతూ దరీ లేని మాటలా వినిపిస్తుంది. పరీక్షలు రాసి, సీటు తెచ్చుకుని, ఇన్నేళ్లు, నెలకు ఇంత, మధ్యలో ఆరు నెలలు బయటి దేశం అని కాగితం మీద రాసి చూపించు. కొట్టు నడిపే మనిషి, లెక్క కనిపిస్తే వింటారు. సంబంధానికి వచ్చినవాళ్లలో ఒప్పుకునేవాడు ఒప్పుకుంటాడు, ఆరు నెలల జెనీవా మాట వినగానే మొహం మాడ్చుకున్నవాడి సంగతి అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత ఉద్యోగాలా? ఇక్కడ ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, రెండు మూడు పోస్ట్‌డాక్‌లు, రెండు మూడు దేశాలు తిరిగాక కూడా గ్యారంటీ లేదు. నా బ్యాచ్‌లో ఐదుగురిలో ఇద్దరు ఫిజిక్స్‌లో ఉన్నారు, ఒకతను క్యాన్సర్ హాస్పిటల్లో రేడియేషన్ డోసు లెక్కలు చూస్తాడు, నేనూ ఇంకొకామె కంపెనీల్లో. ఎవరూ రోడ్డున పడలేదు. అందుకని సీ ప్లస్ ప్లస్, పైథాన్, స్టాటిస్టిక్స్ శ్రద్ధగా నేర్చుకో, థీసిస్‌కూ అవే, ఆ తర్వాతకూ అవే.

ఇప్పుడే ఏదీ ఒప్పుకోవద్దు, ఏదీ కాదనవద్దు. ఆ హిస్టోగ్రామ్ గీసి నాకు ఫొటో పంపు. 3.1 జీఈవీ దగ్గర నిటారుగా ఒక శిఖరం నిలబడాలి, జే-సై అంటారు దాన్ని, 1974లో దాన్ని కనిపెట్టినవాళ్లకు నోబెల్ వచ్చింది. 9.5 దగ్గర ఇంకొకటి, 91 దగ్గర లావుపాటిది ఒకటి. ఈ మూడూ కాక నాలుగోది ఎక్కడైనా కనిపిస్తే మాత్రం ఎవరికీ చెప్పకు, ముందు డూప్లికేట్లు తీసేసి చూడు.